బోయా కొట్టుకోకుండా పడవను కట్టడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నాకు 15 నిమిషాలు ఇచ్చి, రెండు షరతులు పెట్టారు. ఆత్మకథ చెప్పకూడదు. మన బడిలో నేర్చుకున్న ఒక్క పాఠం తర్వాత ఎక్కడ అక్కరకొచ్చిందో చెప్పాలి. నా ఉద్యోగం లెక్కల పని. దాని గురించి చెబితే భోజనం తర్వాత జరుగుతున్న ఈ సభలో సగం మంది నిద్రపోతారు. కాబట్టి నిద్ర పట్టనివ్వని ఒక చప్పుడు గురించి చెబుతాను.

నేను ఇంగ్లండు దక్షిణ తీరంలో ఉంటున్నాను. అక్కడ చిచెస్టర్ హార్బర్ అని ఒక సముద్రపు కయ్య ఉంది. నౌకలు వచ్చే రేవు కాదు, తెరచాప పడవల రేవు. ఇద్దరు మిత్రులతో కలిసి నాకు అక్కడ 26 అడుగుల పాత తెరచాప పడవలో వాటా ఉంది. ఫైబర్ గ్లాసు ఒళ్లు, అడుగున రెక్కలా దిగిన బరువైన కీలు, పైన ఒక కొయ్య, లోపల నలుగురు ముడుచుకుని పడుకునే క్యాబిను. అంతకంటే గొప్పగా ఊహించుకోకండి.

మన వైపు పడవను రేవులో గుంజకు కడతాం, లేదా ముక్కు గట్టు మీదకు లాగి పెడతాం. అక్కడ అలా కుదరదు. విశాఖలో పెద్ద పోటు రోజున కూడా నీటి మట్టంలో తేడా ఇంచుమించు ఒకటిన్నర మీటరు. చిచెస్టరులో అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో అది 4 మీటర్లు. పొద్దున గట్టు పక్కన తేలిన పడవ మధ్యాహ్నానికి బురదలో కూర్చుంటుంది. అందుకని చాలా పడవలను నీటి మధ్యలోనే కడతారు. నేల మీద ఒక పెద్ద బరువు దించుతారు. దానికి లావుపాటి గొలుసు, గొలుసు పై కొసను నీటి మీద తేల్చి ఉంచడానికి ఒక బోయా, బోయా నుంచి పడవ ముక్కుకు ఒక కట్టుతాడు. ఈ మొత్తం ఏర్పాటును మూరింగ్ అంటారు. నీరు ఎటు పోతే పడవ అటు తిరిగి, ఆ బరువు చుట్టూ గుండ్రంగా ఊగుతూ ఉంటుంది. చేతి పడవలో వెళ్లి ఎక్కాలి, చేతి పడవలో దిగి రావాలి.

వినడానికి హాయిగానే ఉంది. రాత్రి పడుకుంటే తెలుస్తుంది. ఒంటిగంటకో రెండింటికో మొదలవుతుంది: ఢక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఢక్, ఢక్. తర్వాత గీసుకుంటూ పోయే చప్పుడు. గట్టి ప్లాస్టిక్ బోయా వచ్చి పడవ ముక్కును గుద్దుతోందన్నమాట. మంచాలేమో ముక్కు వైపు గదిలోనే ఉంటాయి. తలకూ బోయాకూ మధ్య ఉన్నది వేలెడు మందం లేని ఫైబర్ గోడ. డప్పులో తల పెట్టి పడుకున్నట్టే. చప్పుడొక్కటే అయితే చెవుల్లో దూది పెట్టుకోవచ్చు. బోయా నెత్తిన ఇనప రింగు, షాకిల్ ఉంటాయి. అవి గీస్తే పడవ పైపూత లేచిపోతుంది, కింద పొరల్లోకి నీరు దిగుతుంది. సీజను చివర పడవను ఒడ్డుకెత్తి చూస్తే ముక్కుకు రెండు వైపులా చంద్రవంకల్లాంటి గాట్లు కనిపిస్తాయి.

ఇక్కడ మన 9వ తరగతి గది గుర్తుకొస్తుంది. సదిశ రాశులు, ఫలిత బలం. నల్లబల్ల మీద మాస్టారు ఒక చుక్క పెట్టి రెండు బాణాలు గీసేవారు. "ఈ చుక్క ఎవరి మాట వింటుంది?" అని అడిగేవారు. మేము ఒకరి వెంట ఒకరం తప్పు చెప్పేవాళ్లం. "ఇద్దరి మాటా వింటుందిరా, కానీ ఎవరి బలం ఎంతో అంతే వింటుంది" అనేవారు. ఈ బోయా సమస్య మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

బోయా గుండ్రంగా ఉంటుంది. నీటి పైన కనిపించేది కొంచెమే. దాని కింద బరువైన గొలుసు వేలాడుతుంది. కాబట్టి అది దాదాపు నీటి మాటే వింటుంది. పడవకు అడుగున కీలు ఉంది, పైన కొయ్య, తాళ్లు, క్యాబిను ఉన్నాయి. అది నీటి మాట, గాలి మాట రెండూ వింటుంది. గాలీ నీరూ ఒకే దిక్కుకు పోతుంటే గొడవ లేదు. పడవ వెనక్కి జరిగి తాడు బిగుతుగా ఉంటుంది, బోయా ముందు దూరంగా ఉంటుంది. గాలి ఒకవైపు, నీరు ఎదురువైపు అయినప్పుడే చిక్కు. నీరు పడవను వెనక్కి లాగుతుంది, గాలి వెనక నుంచి ముందుకు తోస్తుంది. తాడు వదులవుతుంది. పడవ బోయా మీదకు ఎక్కుతుంది, గుద్దుతుంది, పక్కకు ఒరుగుతుంది, మళ్లీ వస్తుంది.

చిచెస్టరులో ఇది మామూలు వ్యవహారం. ఆ కయ్య నోరు దక్షిణానికి ఉంది. గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. పాటు నీరు దక్షిణానికి దిగుతుంటే గాలి దానికి దాదాపు ఎదురు. పైగా ఆ ప్రాంతంలో పోటు నెమ్మదిగా ఎక్కుతుంది, పాటు తక్కువ సమయంలో వేగంగా దిగుతుంది. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే చప్పుడు రోజూ ఒకే వేళకు రాదు, దినదినం 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పంచాంగం చూసి చెప్పవచ్చు, ఈ రాత్రి ఎప్పుడు లేస్తామో.

ఎవరి బలం ఎంత? ద్రవ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది, సాంద్రతకు కూడా. సముద్రపు నీరు గాలి కంటే దాదాపు 840 రెట్లు సాంద్రం. 840కి వర్గమూలం దాదాపు 29. అంటే ఒకే ఆకారం, ఒకే వైశాల్యం ఉన్న వస్తువు మీద 1 నాట్ నీటి ప్రవాహం తోసేంత బలంతో తోయాలంటే గాలి 29 నాట్లు, గంటకు సుమారు 54 కిలోమీటర్ల వేగంతో వీచాలి. అయితే పడవ అడుగుభాగం నీటిని చీల్చుకుపోయేలా సన్నగా చెక్కి ఉంటుంది, పైభాగం అలా ఉండదు. కాబట్టి అసలు లెక్కలో గాలికి ఇంకొంచెం బలం వస్తుంది. నీటి వేగం ఎప్పుడూ ఒకటిగా ఉండదు. పాటు నడిమి గంటల్లో నీరు గెలుస్తుంది. మొదట, చివర గాలి గెలుస్తుంది. ఎవరూ గెలవని వేళ ఒకటి ఉంటుంది. గుద్దులన్నీ అప్పుడే.

ఇంత తెలిశాక మందులు వాటంతట అవే తోస్తాయి. నేను వాడినవి, పక్క పడవల వాళ్లు వాడగా చూసినవి వరసగా చెబుతాను.

మొదటిది, తాడు కురచ చేయడం. బోయాను ముక్కు కిందకు బిగుతుగా లాగి, సగం నీటి పైకి లేచేలా కట్టేస్తారు. పరుగెత్తి వచ్చే దూరం లేకపోతే గుద్దే వేగం ఉండదు. నీరు నిలకడగా ఉన్న రాత్రి దీనికి మించింది లేదు. అలలుంటే మాత్రం పనికిరాదు. ముక్కు లేచి పడినప్పుడల్లా గొలుసు బరువంతా ఒక్క కుదుపుగా తాడు మీద పడుతుంది.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం, తాడు పొడుగు చేయడం. చాలామందికి మొదట తట్టేది ఇదే. గాలీ నీరూ ఎదురైనప్పుడు ఇది పని చేయదు. తాడు ఎంత పొడుగున్నా పడవ ముందుకే వస్తుంది కదా. పైగా వదులు తాడు పడవ కిందకు పోయి కీలుకో, చుక్కానికో, ప్రొపెల్లరుకో చుట్టుకుంటుంది. చప్పుడు ఆపబోయి చిక్కు తెచ్చుకోవడమే.

మూడోది బకెట్టు. ఇది విని నవ్వని వాళ్లు లేరు, వాడి మెచ్చుకోని వాళ్లూ లేరు. పడవ వెనక నుంచి గట్టి బకెట్టు ఒకటి తాడు కట్టి నీళ్లలో వదలండి. బకెట్టును గాలి ముట్టుకోలేదు, నీరు మాత్రమే పట్టుకుంటుంది. అంటే రెండు బాణాల్లో నీటి బాణాన్ని పొడుగు చేశామన్నమాట. పడవ వెనక్కి జరుగుతుంది, కట్టుతాడు బిగుస్తుంది, బోయా దూరంగా నిలుస్తుంది. పిడి ఊడిపోయే ప్లాస్టిక్ బకెట్టు వద్దు. ఇంజను వేసే ముందు బకెట్టును పైకి తీయడం మరవకూడదు. తాడు ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది.

నాలుగోది అవతలి బాణాన్ని కురచ చేయడం. క్యాబిను ముందు గుడారంలా లేపిన గుడ్డను మడిచేయడం, చుట్టిన తెరచాప వదులు కొసలు బిగించడం, డెక్కు మీద నిలబెట్టిన సామాను లోపల పెట్టడం. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిస్తే తేడా తెలుస్తుంది.

ఐదోది చుక్కాని. దాని పిడిని ఒక పక్కకు తిప్పి కట్టేస్తే, పారే నీరు చుక్కాని మీద తోసి పడవను ఒక వైపుకు వంచి నిలబెడుతుంది. అటూ ఇటూ ఊగడం తగ్గుతుంది, బోయా ముక్కుకు ఒక పక్కగా తప్పుకుంటుంది. ఇరుకు చోట పక్క పడవకు తగలకుండా చూసుకోవాలి.

ఆరోది వాసం. ముక్కు నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన వాసం ఉన్న పడవలు కొన్ని ఉంటాయి. దాని కొసకు సన్నటి తాడు కట్టి బోయాను ముందుకు లాగి ఉంచుతారు. వాసం లేనివాళ్లు తెరచాపకు వాడే గడను ముందుకు కట్టి అదే పని చేస్తారు.

ఏడోది మెత్త. మన పంట్లకు, కాకినాడ వేట పడవలకు పాత టైర్లు వేలాడదీస్తారు చూడండి, అదే సూత్రం. అక్కడ గాలి నింపిన ఫెండర్లను ముక్కుకు వేలాడదీస్తారు, లేదా బోయాకే మెత్తటి పట్టీ తొడుగుతారు. గుద్దు ఆగదు, దెబ్బ తగ్గుతుంది. మిగిలినవన్నీ చేశాక చివరన చేయవలసిన పని ఇది.

ఇవి కాక, చోటు అనుకూలిస్తే అసలు మందు ఒకటుంది. పెద్ద గట్టి బోయానే తీసేయడం. గొలుసు కొసను గానీ, దాని కట్టుతాడును గానీ నేరుగా డెక్కు మీదకు తీసుకుంటారు. మన వలలకు కట్టే బెండు లాంటి మెత్తటి చిన్న బెండు ఒకటి దాని కొసన ఉంటుంది. పడవ లేనప్పుడు కట్టు ఎక్కడుందో అది చూపిస్తుంది, పడవ ఉన్నప్పుడు డెక్కు మీద పడి ఉంటుంది. నీళ్లలో ఏదీ లేదు కాబట్టి గుద్దేదీ లేదు. లోతు ఎక్కువై గొలుసు మరీ బరువుగా ఉంటే మాత్రం దాన్ని మోయడానికి పెద్ద బోయా తప్పదు.

ఇంతవరకు చెప్పింది నిద్ర గురించి. ఇక చెప్పబోయేది పడవ గురించి. నేను ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా అదే.

ఒక శరదృతువు రాత్రి మా పక్క మూరింగు మీద ఉన్న పడవ కట్టు తెంచుకుపోయింది. గాలి మరీ గొప్పగా లేదు. తెల్లారేసరికి ఆ పడవ ఇంకో పడవకు ఆనుకుని బురద మీద ఒరిగి ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, రెండు పడవలకు తగిలాయి. తర్వాత తెలిసింది, దాని యజమాని అంతకు ముందు రాత్రి చప్పుడు భరించలేక కట్టు మార్చాడట. లావుపాటి కట్టుతాడు బోయాను దగ్గరకు లాగుతోందని దాన్ని వదులు చేసి, బెండును పైకి లాగడానికి ఉండే సన్నటి తాడు మీద పడవను నిలబెట్టాడు. ఆ రాత్రి ఆయన హాయిగానే పడుకున్నాడు. మర్నాడు పడవ దిగి ఇంటికి వెళ్లాడు. తాడు రోలరు అంచున రాసుకుని రాసుకుని తెగింది.

ఆ వేసవిలోనే మా పెదనాన్నగారు మా ఇంటికి వచ్చి వెళ్లారు. గోదావరి మీద లాంచీ సరంగుగా పనిచేసిన మనిషి. ఇంగ్లీషు రాదు, తెరచాప పడవల పేర్లు తెలియవు. ఒక రాత్రి మాతో పడవలో పడుకున్నారు. ఢక్ మని మొదటి చప్పుడు రాగానే నేను లేచి ఫెండరు కోసం వెతుకుతున్నాను. ఆయన పడుకునే అన్నారు: "ఒరేయ్, అది కొట్టుకుంటే కొట్టుకోనీ. బరువు ఏ తాడు మీద ఉందో ముందు చూసి రా."

పక్క పడవ తెగిపోయాక ఆ మాట బరువు నాకు పూర్తిగా తెలిసింది. అప్పటి నుంచి మా పడవలో ఇది నియమం. మోసే తాడు వేరు, చప్పుడు ఆపే తాడు వేరు. బోయాను దగ్గరకు లాగినా, పక్కకు తప్పించినా, వాసానికి కట్టినా, ఆ పని చేసే తాడు తెగిపోయిందనుకోండి, పడవ ఉన్నచోటే ఉండాలి. మళ్లీ చప్పుడు మొదలవ్వాలి, అంతే. చప్పుడు ఆపే తాడు తెగితే పడవ కొట్టుకుపోయేలా ఉంటే ఆ కట్టు తప్పు.

దీంతో పాటు ఇంకొన్ని చూసుకోవాలి. మోసే తాడు రోలరు మీద రాసుకునే చోట రబ్బరు గొట్టం తొడగాలి. వీలైతే మోసే తాళ్లు రెండు ఉండాలి, ఒకటి బిగుతుగా, మరొకటి కాస్త వదులుగా, తోడుగా. ఒకే తాడును బోయా రింగులోంచి దూర్చి రెండు కొసలూ పడవకు కట్టడం పగటి పూట గంట సేపటికి బాగుంటుంది. రాత్రంతా ఉంచితే పడవ ఊగినప్పుడల్లా తాడు రింగులో రంపంలా ఆడి కోసుకుపోతుంది. షాకిల్ పిన్ను ఊడకుండా తీగ చుట్టి ఉందా, మెలిక తిరగకుండా ఉండే స్వివెల్ అరిగిందా, నీటి అడుగున గొలుసు ఎంత సన్నబడింది, ఇవి ఏడాదికొకసారి పైకి తీసి చూడవలసినవి. గొలుసు ఎక్కువగా అరిగేది నేల మీద పడి లేచే చోట, కంటికి కనిపించని చోట.

మరి చప్పుడు సంగతి? అది శత్రువు కాదు. గాలి తిరిగిందనో, పాటు మొదలైందనో, తాడు వదులైందనో చెబుతుంది. ఢక్ మనగానే ఇప్పుడు నేను చేసేది ఒకటే వరస. టార్చి తీసుకుని ముక్కు దగ్గరకు వెళ్లి మోసే తాడును చేత్తో తడిమి చూస్తాను. గాలి ఎటు, నీరు ఎటు చూస్తాను. పాటు ఇంకా ఎన్ని గంటలుందో గడియారం చూస్తాను. అరగంటలో తగ్గేదైతే ఫెండరు వేలాడదీసి వచ్చి పడుకుంటాను. రాత్రంతా ఉండేదైతే బకెట్టు వదులుతాను. పది నిమిషాల పని. మా ఆవిడ ఇప్పుడు లేవనైనా లేవదు.

మిత్రులారా, దీన్నుంచి జీవిత సత్యాలు తీయమని నన్ను అడగకండి. ఆ పని చేయగల తెలుగు మాస్టారు వేదిక మీదే ఉన్నారు. నేను అడిగేది మరొకటి.

నిన్న మన బడి ప్రయోగశాల చూశాను. బీకర్లు ఉన్నాయి, స్ప్రింగ్ త్రాసులు కొన్ని ఉన్నాయి. ఫలిత బలం పాఠం మాత్రం ఇప్పటికీ నల్లబల్ల మీదే నడుస్తోంది. హెడ్ మాస్టారు అనుమతి ఇచ్చారు కాబట్టి, రేపు ఉదయం 9 గంటలకు 9, 10 తరగతుల పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేస్తాం. పొడుగాటి రేకు తొట్టె, ఒక కొసన నీళ్ల పైపు, రెండో కొసన నీళ్లు పోయే కన్నం, నీరు పోయే కొస వెనక దూరంగా ఒక టేబుల్ ఫ్యాను. నీళ్లలో సీసపు గుండుకు దారం కట్టిన ప్లాస్టిక్ బంతి, దానికి కట్టిన థర్మోకోల్ పడవ. పడవ అడుగున రేకు ముక్క కీలు, పైన అట్ట ముక్క. పైపు విప్పి, ఫ్యాను మెల్లగా పెంచుతూ పోతే పడవ బంతిని గుద్దడం మొదలుపెడుతుంది. ఎలా ఆపాలో పిల్లలనే అడుగుతాం. బకెట్టు బదులు సీసా మూత ఇస్తాం. ఎవరికి ముందు తడుతుందో చూద్దాం.

ఖర్చు పెద్దది కాదు, మొదటి తొట్టెకు మా బ్యాచి పెట్టుకుంది. ఇలాంటి మరో పది ప్రయోగాలకు కావలసిన సరంజామా జాబితా సైన్సు టీచర్లు రాసి ఉంచారు. ఒక్కో బ్యాచి ఒక్కొక్కటి తీసుకుంటే ఈ స్వర్ణోత్సవ సంవత్సరం ముగిసేలోగా పాఠం నల్లబల్ల దిగి బల్ల మీదకు వస్తుంది. జాబితా కార్యదర్శి గారి దగ్గర ఉంది. సభ అయ్యాక చూడండి.

15 నిమిషాలు దాటినట్టున్నాయి, అధ్యక్షుల వారు గంట వైపు చూస్తున్నారు.  ఆ రెండు బాణాలు గీసిన చేతులకు పాదాభివందనం. సెలవు.